రాజీ సొమ్ము కన్నా ముందు మీ సాయం రావాలి: ఒడిశా ముఖ్యమంత్రి గారికి పర్లాకిమిడి నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా ముఖ్యమంత్రి గారికి,

అయ్యా,

గజపతి జిల్లా కోర్టు వరండాలో వకీలు గుమాస్తాగా బతుకు వెళ్లదీసినవాణ్ణి. పని మానేసి కొన్నేళ్లయింది. అయినా కాగితం రాయించుకోడానికి ఇంటికొచ్చేవాళ్లు మానలేదు. వాళ్లలో ఎక్కువమంది దెబ్బ తిన్న పక్షంవాళ్లే. కొట్టినవాడు వకీలు దగ్గరికి పోతాడు. కొట్టించుకున్నవాడికి ఎవరి దగ్గరికి పోవాలో తెలీదు, అందుకని నాలాంటివాడి గుమ్మం ఎక్కుతాడు.

తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకి మొర పెట్టుకోవచ్చు. నాకు ఒడియా వచ్చు, కోర్టు ఒడియా ఇంకా బాగా వచ్చు. కానీ ఎవరి కోసం ఈ ఉత్తరం రాస్తున్నానో వాళ్లు చదివి తప్పొప్పులు చెప్పాలంటే ఇది తెలుగులోనే ఉండాలి. పర్లాకిమిడిలో, కాశీనగరంలో, గుణుపురంలో, రాయగడలో, జయపురంలో, బరంపురంలో ఇళ్లలో తెలుగు మాట్లాడుకునేవాళ్లు ఎంతమందో మీకు చెప్పనక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు గీసిన సరిహద్దు గీత గురించి తగువు పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. మేం ఒడిశా వాళ్లమే. చుట్టరికాలు మాత్రం పాతపట్నంలోనూ, టెక్కలిలోనూ, పార్వతీపురంలోనూ ఉన్నాయి.

న్యాయశాఖ మంత్రి గారికి రాయకుండా మీకెందుకు రాస్తున్నానంటే, దెబ్బ తిన్న మనిషి ఒక్క శాఖ చేతిలో ఉండడు. ఠాణా హోం శాఖది. ఆసుపత్రి ఆరోగ్య శాఖది. దెబ్బ తిన్న ఆడవాళ్లకి తోడు నిలిచే సఖి సెంటరు స్త్రీ శిశు శాఖది. పరిహారం తేల్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థ, మేం లీగల్ సెల్ అని పిలుచుకునేది, జిల్లా జడ్జి గారి అధ్యక్షతన నడుస్తుంది. నిధి మాత్రం సర్కారు ఇవ్వాలి. ఒకరి దగ్గరికెళ్తే రెండోవారి పేరు చెబుతారు. వీటిలో చాలావాటికి పైన మీరున్నారు.

ముందు ఒక సంగతి ఒప్పుకుంటాను. చట్టం బాగానే ఉంది. నేను పనిలో చేరిన రోజుల్లో కేసులో దెబ్బ తిన్నవాడికి సాక్షిగా తప్ప వేరే లెక్క లేదు. 2008 సవరణతో నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 357ఏ సెక్షన్ వచ్చింది, 2009 ఆఖరి రోజు నుంచి అమలయింది. ఇప్పుడది సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 396. ముద్దాయి దొరక్కపోయినా, ఎవరో తెలియకపోయినా, కేసు కొట్టేసినా, బాధితుడు నిలదొక్కుకోవాలంటే సాయం అవసరమని తేలితే పరిహారం ఇవ్వొచ్చు. దరఖాస్తు అందాక రెండు నెలల్లో విచారణ ముగించాలి. ఠాణా అధికారి గానీ మేజిస్ట్రేటు గానీ సర్టిఫికెట్ ఇస్తే వైద్యం ఖర్చు లేకుండా చేయించమని లీగల్ సెల్ ఉత్తర్వు ఇవ్వొచ్చు. అత్యాచారం, యాసిడ్ కేసుల్లో ఏ ఆసుపత్రి అయినా, ప్రైవేటుదైనా సరే, డబ్బు అడక్కుండా వైద్యం చెయ్యాలి. చెయ్యకపోతే నేరం, ఏడాది దాకా జైలు. ఒడిశాకి సొంత పరిహార స్కీం ఉంది. మహిళల కోసం జాతీయ న్యాయసేవల సంస్థ రాసిన 2018 స్కీంలో ప్రాణం పోతే 5 నుంచి 10 లక్షలు, అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు అని అంకెలే వేసారు. ఇంత రాసిపెట్టి ఉన్నా ఊళ్లో ఎవరినైనా అడిగి చూడండి. "కేసు గెలిస్తే ఏదో ఇస్తారంట" అంటారు. ఆ మాట అనేవాళ్లలో వార్డు మెంబర్లున్నారు, మాస్టర్లున్నారు, కొత్తగా వచ్చిన కానిస్టేబుళ్లూ ఉన్నారు.

ఒక కేసు చెబుతాను. ఊరూ పేరూ చెప్పను, కొంచెం మార్చి చెబుతాను.

సంత నుంచి తిరిగొస్తూ దారిలో తగువు పడింది. కూలి చేసుకునే మనిషికి తలకి దెబ్బ తగిలింది. దగ్గరి ఆసుపత్రిలో కుట్లు వేసి పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. మా వైపు పెద్దాసుపత్రి అంటే కాగితం మీద బరంపురం మెడికల్ కాలేజీ. బస్సుకీ ఆటోకీ అందేది మాత్రం ఆంధ్రా వైపుది. బంధువులు అటే తీసుకుపోయారు. అక్కడ రెండు రోజులుండి చనిపోయాడు. శవ పంచనామా ఆంధ్రా పోలీసులు చేసారు. పోస్టుమార్టం అక్కడే అయింది. శవాన్ని ఇటు తెచ్చారు, కాగితాలు అటు ఉండిపోయాయి.

భార్య చేత ఇక్కడి ఠాణాలో కాగితం మీద వేలిముద్ర వేయించారు. అందులో ఏం రాసారని నేనడిగితే, "బాబూ, ఆళ్లు ఒడియాలో ఏటో రాసినారు, నాకు తెల్దు. ఎయ్యమంటే ఎసినాను" అంది. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టం. ఆమెకి ఇవ్వలేదనను, ఇచ్చారేమో. ఇచ్చిన కాగితం ఏదో తెలియనివాళ్లు దాన్ని దాచుకోవాలని ఎలా తెలుసుకుంటారు?

పరిహారానికి దరఖాస్తు రాసాను. పోస్టుమార్టం రిపోర్టు జతపరచమన్నారు. ఆసుపత్రివాళ్లు పోలీసులు అడిగితేనే ఇస్తామన్నారు. ఠాణాలో, అటునుంచి ఇంకా రాలేదన్నారు. అటు ఠాణావాళ్లు ఎప్పుడో పంపేసామన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదని నా నమ్మకం. ఆ కవరు ఏదో బల్ల మీద ఉండే ఉంటుంది. వారసుల సర్టిఫికెట్ కోసం తహసీల్ చుట్టూ తిరగడం వేరే కథ, అది మీకు తెలిసిందే.

ఈలోగా వచ్చిందెవరో తెలుసా అయ్యా? కొట్టినవాళ్ల బంధువులు. దినకర్మలు కూడా పూర్తికాకముందే ఊరి పెద్దలని వెంటబెట్టుకుని వచ్చారు. బియ్యం బస్తా, కర్మల ఖర్చుకి కొంత డబ్బు తెచ్చారు. రాజీ అయితే ఇంకొంత ఇస్తామన్నారు. నేనా అమ్మకి మళ్లీ చట్టం చెప్పాను, సర్కారు పరిహారం ఎక్కువ వస్తుందని చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసి, "ఆళ్లిచ్చిన డబ్బులు ఒద్దంటే రేపు పిల్లలకేటి పెట్టను? గవర్నమెంటోళ్లు ఇస్తారంటన్నావు గదా బాబూ, ఎప్పుడిస్తారో సెప్పు. అందాక కాసుకుంటాను" అంది.

ఎప్పుడిస్తారో నేను చెప్పలేకపోయాను.

కేసు వాయిదాకొచ్చినప్పుడు బోనెక్కి, "సీకటి పడిపోనాది, ఎవులు కొట్టినారో నాను సూడ్నేదు" అంది. సర్కారు తరఫు వకీలు పీపీ గారు ఆమె ఎదురు తిరిగిందని రాయించారు. ఆయన ఉద్యోగం ఆయన చేసారు. కేసు కొట్టేసారు. ఈ జిల్లాలో కొట్టివేతల గురించి మీకు లెక్కలు వస్తుంటాయి. దర్యాప్తు లోపమనో, సాక్షులు నిలబడలేదనో ఫైల్లో కారణం ఉంటుంది. సాక్షి నిలబడటానికి ఆ ఇంట్లో పొయ్యి వెలగాలన్న సంగతి ఏ ఫైల్లోనూ ఉండదు.

బాధితుల సాయాన్ని దయ కింద, సంక్షేమ పథకం కింద లెక్కేస్తున్నంతకాలం అది ఆఖరి వరసలోనే ఉంటుంది. నేను చూసినంతలో అది కేసుని నిలబెట్టే గుంజ. నేరం జరిగిన మొదటి పదిహేను రోజుల్లో ఆ ఇంటికి ఎవరి సొమ్ము ముందు చేరిందన్నదాని మీదే సగం కేసుల సంగతి తేలిపోతోంది. ఇప్పుడు నిందితుడి సొమ్మే ముందు చేరుతోంది. ఆ వరస తిరగబడాలన్నదే ఈ ఉత్తరంలో నేనడిగేది. మిగతావన్నీ దానికి దారులు.

పదిహేను రోజులంటే నా నోటికొచ్చిన అంకె అనుకోకండి. 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ దాడి బాధితులకి కనీసం 3 లక్షలు ఇవ్వాలనీ, అందులో లక్ష రూపాయలు ఘటన సర్కారు దృష్టికి వచ్చిన 15 రోజుల్లో చేతికందాలనీ చెప్పింది. మిగతాది రెండు నెలల్లో. ఆ గడువు యాసిడ్‌కి పెట్టగలిగినప్పుడు, ఇంటి మనిషిని చంపేసిన కుటుంబానికి ఎందుకు పెట్టలేం? అంత పెద్ద మొత్తం అక్కర్లేదు. కర్మలకి, నెల బియ్యానికి, ఆసుపత్రి అప్పుకి సరిపడా ఉంటే చాలు. పూర్తి పరిహారం విచారణ చేసి నిదానంగా తేల్చండి. తప్పుడు కేసులు పెట్టి డబ్బు తీసుకుపోతారని పెద్ద అధికారులు అనొచ్చు. శవం ఉంది, పంచనామా ఉంది, డాక్టరు కాగితం ఉంది. తల పగిలినట్టు నటించడం అంత సులువు కాదు.

ఇక అడగడం అనే మాట దగ్గరికొస్తాను. ఇప్పుడున్న పద్ధతిలో సాయం కావాలంటే బాధితుడు అడగాలి. తెలియనిదాన్ని ఎవరూ అడగలేరు. ఈ చిక్కు ఢిల్లీవాళ్లకి ముందే తోచింది. 2018 మహిళల స్కీంలో ఒక నిబంధన పెట్టారు: ఆ స్కీం కిందికొచ్చే నేరాల ఎఫ్ఐఆర్ నకలుని ఠాణా వెంటనే లీగల్ సెల్‌కి పంపి తీరాలి, వాళ్లు తమంతట తామే విచారించి మధ్యంతర పరిహారం ఇవ్వొచ్చు. అడిగే భారం ఆడమనిషి మీద పెట్టకుండా ఠాణా మీద పెట్టారు. ఎవరు రాసారో గానీ, కోర్టు వరండాలు తెలిసినవాళ్లే రాసుంటారు.

ఈ ఒక్క నిబంధనని మా సరిహద్దు జిల్లాల్లో నిజంగా నడిపించండి. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో ప్రతి ఠాణా అధికారి (ఐఐసీ) గారికీ మీ హోం శాఖ నుంచి ఒక ఉత్తర్వు వెళ్లాలి. ఆడవాళ్ల కేసులకే ఆగకుండా, ప్రాణం పోయిన కేసు, అంగవైకల్యం వచ్చిన కేసు, పిల్లల కేసు అన్నింటికీ అదే పద్ధతి పెట్టండి. ఎఫ్ఐఆర్ కట్టిన రోజే నకలు లీగల్ సెల్‌కి చేరాలి. ఠాణాలన్నీ కంప్యూటర్లో ఎఫ్ఐఆర్ ఎక్కిస్తున్నాయి, కొత్త ఖర్చేమీ లేదు.

లీగల్ సెల్ ఆ నకలు చూసిన రోజే వకీలుని కూడా పెట్టాలి. దీనికో కారణం ఉంది. కొత్త సంహితలో చార్జిషీటు నకళ్లు ముద్దాయితోపాటు బాధితుడికీ ఇవ్వాలన్నారు, సంతోషం. కానీ ఆ వాక్యంలో బ్రాకెట్లో ఒక షరతు ఉంది: బాధితుడికి వకీలు ఉంటేనే. గుమాస్తా కళ్లకి బ్రాకెట్లే ముందు కనబడతాయి. ఆడవాళ్లకి, పిల్లలకి, దళితులకి, ఆదివాసులకి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలుని ఇవ్వాలని 1987 చట్టమే చెబుతోంది. ఆ హక్కూ అడిగితేనే అందుతోంది. అలాగే దర్యాప్తు ఎంతవరకొచ్చిందో 90 రోజుల్లోపు బాధితుడికి తెలియజెయ్యాలన్న నిబంధన. ఫోనులో మెసేజ్ పంపినా చాలన్నారు. ఏ భాషలో పంపాలో చెప్పలేదు. చదవలేని భాషలో వచ్చిన మెసేజ్‌ని మా వాళ్లు బ్యాంకు మోసమనుకుని తీసేస్తారు. ఈ రోజుల్లో అలా తీసెయ్యడమే తెలివైన పని కూడా.

భాష గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే ఇక్కడే మా జిల్లాల కష్టం మిగతా ఒడిశాకి భిన్నంగా ఉంది. కోర్టులో సాక్ష్యం ముద్దాయికి అర్థం కాని భాషలో నడిస్తే, అతనికి తెలిసిన భాషలో అక్కడికక్కడే చెప్పాలి. పాత సీఆర్‌పీసీలో 279 సెక్షన్, కొత్త సంహితలోనూ ఉంది. మంచి నిబంధన, ఉండాల్సిందే. బాధితుడికి మాత్రం తాను చెప్పిన సాక్ష్యాన్ని తన భాషలో చదివి వినిపించే ఏర్పాటు ఉంది గానీ, మిగతా సాక్షులు ఏం చెప్పారో, వకీళ్లు ఏం వాదించుకున్నారో చెప్పాలన్న మాట అలా ఎక్కడా రాయలేదు. భర్తని పోగొట్టుకున్న మనిషి వెనక బల్ల మీద కూచుని రోజంతా వింటుంది, సాయంత్రం నన్నడుగుతుంది: "ఏటన్నారు బాబూ?" 2022లో లఖింపూర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు, బాధితుడి మాట ప్రతి దశలోనూ వినాలంది. వినిపించాలంటే ముందు తనకి వినబడింది అర్థమవ్వాలి గదా.

మా బాధ చెబుతున్నాను గానీ, న్యాయంగా చెప్పాలంటే సవర ఆదివాసుల బాధ ఇంకా పెద్దది. మాకు ఒడియా కొంతైనా చెవిన పడుతుంది. గుమ్మ, నుగడ కొండల నుంచి వచ్చిన సవర పిల్లకి ఒడియా రాదు, తెలుగూ అంతంతమాత్రం. రాయగడ వైపు కువి మాట్లాడే కోందులదీ అదే స్థితి. పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన పోక్సో చట్టం పిల్లల వాంగ్మూలానికి దుబాసీని పెట్టాలంటుంది, కేసు అయ్యేదాకా తోడుండే సపోర్టు పర్సన్‌ని పెట్టాలంటుంది. 2020 నిబంధనల ప్రకారం బట్టలకి, తిండికి, బస్సు చార్జీలకి తక్షణ సాయం కూడా ఇప్పించొచ్చు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ పర్లాకిమిడిలోనే మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకున్నారు, సవరలకి బళ్లు పెట్టించారు, నిఘంటువు చేసారు. అది నూరేళ్ల కిందటి మాట. ఇవాళ ఠాణాలో సవర తెలిసిన మనిషి కోసం ఎవరో హోంగార్డు డ్యూటీ దిగేదాకా పిల్లని కూచోబెట్టడం నేను చూసాను.

దీనికి కొత్త ఉద్యోగాలు సృష్టించనక్కర్లేదు. లీగల్ సెల్ కింద పారా లీగల్ వాలంటీర్లున్నారు. వాళ్లలో తెలుగు, సవర, కువి బాగా వచ్చినవాళ్లని ఏరి, సరిహద్దు ఠాణాలకి ఒకరిద్దరు చొప్పున అప్పగించండి. ఎఫ్ఐఆర్ కట్టినప్పటి నుంచి పరిహారం బ్యాంకులో పడేదాకా ఆ మనిషి ఆ కుటుంబం వెంట ఉండాలి. పనిచేసిన రోజుకే భత్యం ఇచ్చే పద్ధతిలో ఇది నడవదు, కేసు ఏళ్లు సాగుతుంది. నెలకింత అని ఇవ్వండి. వాళ్లు కూడా పొట్ట కోసం పనిచేసేవాళ్లే.

వాయిదాకి వచ్చే ఖర్చు కూడా చూడండి. మోహన బ్లాకు నుంచి పర్లాకిమిడి వచ్చి వాయిదా చూసుకుని వెళ్లడమంటే ఒక రోజు కూలి పోయినట్టే, బస్సు చార్జీ వేరే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నిబంధనల్లో బాధితుడికీ సాక్షికీ రానుపోను చార్జీలు, భోజనం ఖర్చు ఇవ్వాలని ఉంది. ప్రయాణం అందరికీ ఒకటే. అదే పద్ధతిని హత్య, అత్యాచారం, పోక్సో కేసుల్లో అందరికీ వర్తింపజేస్తే వాయిదాకి రానివాళ్లు తగ్గుతారని నా అనుభవం చెబుతోంది.

సఖి సెంటర్ల గురించి ఎక్కువ రాయను. 2015 నుంచి ఉన్నాయి, అక్కడి అమ్మాయిలు బాగా పనిచేస్తారు. జిల్లాకొకటి, అదీ జిల్లా కేంద్రంలో. ఐదు రోజుల దాకా తల దాచుకోవచ్చు. ఆరో రోజు ఎక్కడికి పంపాలన్నది వాళ్లకే తెలియని సందర్భాలున్నాయి. మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేస్తే తెలుగులో పలికే గొంతు ఉంటే బాగుంటుంది. అంతే.

ఇక రెండు రాష్ట్రాల మధ్య గీత సంగతి. కొత్త సంహిత 173వ సెక్షన్‌తో జీరో ఎఫ్ఐఆర్ చట్టంలోకొచ్చింది. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. "మా పరిధి కాదు" అనే మాట వినీ వినీ అలిసిపోయినవాళ్లం, ఇది మాకు పెద్ద మాట. మా వైపు నుంచి కూలి పనికి విశాఖపట్నం, హైదరాబాద్ వెళ్లేవాళ్లు వేలల్లో ఉంటారు. అక్కడ ఒక ఆడకూతురికి అన్యాయం జరిగితే ముందు రైలెక్కి ఇంటికొచ్చేస్తుంది, తరువాత ఠాణాకి వస్తుంది. ఇక్కడ జీరో ఎఫ్ఐఆర్ కట్టి అక్కడికి పంపిస్తారు. ఫిర్యాదు ప్రయాణం చేస్తుంది. సాయం మాత్రం ప్రయాణం చెయ్యదు. నేరం అక్కడిది గనక పరిహారం అక్కడి లీగల్ సెల్‌లో అడుక్కోవాలి. మనిషి ఇక్కడుంది, వైద్యం ఇక్కడ కావాలి, బ్యాంకు ఖాతా ఇక్కడిది. అటునుంచి ఇటొచ్చి దెబ్బ తిన్న పాతపట్నం మనిషికీ ఇదే తిరకాసు.

అందుకని రెండు రాష్ట్రాల లీగల్ సెల్స్ మధ్య ఒక ఒప్పందం కావాలి: గజపతికి శ్రీకాకుళం, రాయగడకి పార్వతీపురం మన్యం, కొరాపుట్‌కి మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు. బాధితుడు తనున్న చోట దరఖాస్తు ఇస్తాడు, అక్కడివాళ్లే అవతలికి పంపి వెంటపడతారు, మధ్యంతర సాయం ఉన్నచోటే ఇచ్చేసి తరువాత లెక్క చూసుకుంటారు. రెండు సర్కార్లు లెక్క చూసుకోవడం కొత్తేమీ కాదు, వంశధార నీళ్లకి ట్రిబ్యునలే వేసుకున్నారు. పోస్టుమార్టం రిపోర్టు విషయంలో ఇంకా సులువు. అటు ఆసుపత్రి నుంచి ఇటు ఠాణాకి, లీగల్ సెల్‌కి ఒకేసారి పంపేలా ఇద్దరు అధికారుల పేర్లు, రెండు ఫోన్ నంబర్లు చాలు. ఆ కవరు ఏ బల్ల మీద ఆగిందో వెతుక్కునే పని విధవరాలికి అప్పజెప్పకండి.

2021 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రులిద్దరూ భువనేశ్వర్‌లో కూచుని నేరడి బ్యారేజీ, జంఝావతి ప్రాజెక్టు, రెండు రాష్ట్రాలూ తమవేననే కొటియా ఊళ్ల గురించి మాట్లాడుకున్నారు, ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేస్తామన్నారు. మంచిదే. కొటియా ఊళ్ల కోసం రెండు రాష్ట్రాలూ పోటీపడి కార్డులిస్తాయి, పథకాలిస్తాయి. ఆ పోటీలో పదో వంతు గీతకి అటూ ఇటూ దెబ్బ తిన్నవాళ్ల మీద చూపిస్తే ఈ ఉత్తరం రాసే పని నాకుండేది కాదు. మళ్లీ ఎప్పుడు కూచున్నా ఆ జాబితాలో ఈ ఒక్క పద్దు చేర్చండి.

దరఖాస్తు ఫారం ఒడియాతోపాటు తెలుగులో అచ్చు వేయించి సరిహద్దు ఠాణాల్లో, బ్లాకు ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో పెట్టించండి. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి: శిక్ష పడక్కర్లేదు, ముద్దాయి దొరకక్కర్లేదు, న్యాయసేవల నంబరు 15100కి ఫోన్ చెయ్యండి అని. రాజీకి వచ్చే పెద్దలు కూడా ఆ గోడ చదువుతారు.

2024 నవంబరులో సుప్రీంకోర్టు సెషన్స్ కోర్టులకి ఒక మాట చెప్పింది: దేహానికి హాని జరిగిన కేసుల్లో, ముఖ్యంగా ఆడవాళ్లు, పిల్లలు బాధితులైనప్పుడు, తీర్పు ఇచ్చేటప్పుడే పరిహారం గురించి ఉత్తర్వు ఇవ్వాలని. అది తీర్పు నాటి సంగతి. తీర్పు ఎన్నేళ్లకి వస్తుందో మీకూ నాకూ తెలుసు. నేనడుగుతున్నది మొదటి పదిహేను రోజుల గురించి.

ఆఖరుగా ఒక లెక్క. ప్రతి నెలా జిల్లా వెబ్‌సైటులో, ఠాణాల నోటీసు బోర్డు మీద మూడు అంకెలు వేయించండి: ఆ నెల లీగల్ సెల్‌కి ఎన్ని ఎఫ్ఐఆర్‌లు వెళ్లాయి, ఎన్నింటికి మధ్యంతర సాయం ఇచ్చారు, అది పదిహేను రోజుల్లో ఎందరికి చేరింది. హత్య, దాడి కేసుల లెక్క ఠాణాల వారీగా ఉండొచ్చు. అత్యాచారం, పోక్సో కేసుల లెక్క మాత్రం జిల్లా మొత్తానికి కలిపి వెయ్యండి. చిన్న ఠాణాలో నెలకి ఒకటే కేసు ఉంటే పేరు రాయకపోయినా ఊరంతా పోల్చేసుకుంటుంది. మొదటి నెల మా జిల్లా లెక్కలో సున్నాలే రావచ్చు. వస్తే సున్నా అనే వేయించండి, ఖాళీగా వదలొద్దని చెప్పండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక మాజీ వకీలు గుమాస్తా,
పర్లాకిమిడి, గజపతి జిల్లా